పళ్ళెంలోకి వచ్చిన నారుమడి



విత్తే ముందు మొలక శాతం చూసుకోవటం మనకు అలవాటే. తడిపిన గోనెగుడ్డ మీద నూరు గింజలు వరసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, నీడపట్టున పెట్టి, కొన్నాళ్ళకు విప్పి లెక్క చూస్తాం. తొంభై మొలిచాయా, అది మంచి విత్తనం. అరవయ్యే మొలిచాయా, మోతాదు పెంచాలి, లేదా విత్తనమే మార్చాలి. లెక్క ముగియగానే ఆ మొలకలను పెంటమీద పారేస్తాం. మందు పట్టించిన విత్తనమైతే పారేయవలసిందే. దాని మాట తర్వాత చెబుతాను. కాని మందు తగలని గింజ మొలకలో ఏమున్నదో, అది ఎక్కడెక్కడ మనుషుల ప్రాణం నిలబెట్టిందో వింటే, ఇకమీద ఆ గోనెగుడ్డను విప్పేటప్పుడు మీ చూపు వేరుగా ఉంటుంది.

ఈ మధ్య పట్నాల పెద్ద హోటళ్ళలోను, కూరగాయల దుకాణాలలోను ‘మైక్రోగ్రీన్స్’ అనే సరుకు కనబడుతున్నది. చిన్న డబ్బాలలో బెత్తెడు ఎత్తయినా లేని లేత మొక్కలు. ఇదేదో పైదేశపు వింత పంట అని కొందరు, ఇందులో లక్షలున్నాయని మరి కొందరు చెప్పుకుంటున్నారు. పేరు కొత్తదే గాని వస్తువు పాతది. విత్తు మొలిచి, బీజదళాలు రెండూ విచ్చుకుని, అసలు ఆకు తొంగిచూసే వేళకు, మట్టికి పైన కోసిన లేతకూర. అంతే సంగతి. మనం మూటగట్టే పెసర మొలకలకూ దీనికీ తేడా ఉన్నది. మొలకలను చీకట్లో లేపి, వేరుతో సహా తింటాం. దీన్ని వెలుతురులో పెంచి, వేరు వదిలేసి, కాడా ఆకూ తింటాం. మనం దీన్ని మొలకకూర అని పిలుచుకుందాం.

వత్తుగా విత్తి లేతగా చూసుకోవటం మనకు తెలియని పని కాదు. పెళ్ళిళ్ళలో పాలికలలో పుట్టమన్ను పోసి, నానిన నవధాన్యాలు చల్లి అంకురారోపణం చేస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాలు కూడా అంకురార్పణతోనే మొదలవుతాయి. తెలంగాణా తండాలలో లంబాడా ఆడపడుచులు తీజ్ పండుగకు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచుతారు. బొంబాయి సముద్రపు ఒడ్డు ఇసుక నేలలలో మెంతులు వత్తుగా చల్లి, రెండాకుల మీద ఉండగానే వేళ్ళతో పీకి, ‘సముద్ర మేథీ’ అని చిన్న కట్టలు కట్టి అమ్ముతారు. అంటే పెంచటం మనకు వచ్చు. అందులోని గుణం ఏమిటో మాత్రం లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. అది కూడా పొలంలో కాదు, నడిసముద్రంలో తెలిసింది.

పూర్వం నెలల తరబడి ఓడలలో తిరిగే నావికులకు ఎండు రొట్టె, ఉప్పు మాంసమే తిండి. కొన్ని నెలలు గడిచేసరికి స్కర్వీ అనే రోగం పట్టేది. చిగుళ్ళు వాచి నెత్తురు కారేవి, పళ్ళు కదిలేవి, కాళ్ళు నల్లబడేవి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ నోరు తెరిచేవి. చివరకు మనిషి దక్కేవాడు కాడు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఇంగ్లీషు నౌకాదళ వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేసి, జట్టుకొక మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మపండ్లు తిన్న జట్టు అందరికన్న ముందు కోలుకున్నది. మన పరిశోధనా క్షేత్రాలలో మళ్ళు విడదీసి ఎరువుకూ ఎరువుకూ తేడా చూస్తామే, అటువంటి పనే ఇది.

కాని ఆ మాట వెంటనే చెల్లలేదు. డబ్లిన్ వైద్యుడు మెక్‌బ్రైడ్ మొలకెత్తిన బార్లీయే దీనికి మందన్నాడు. 1768లో బయలుదేరిన కెప్టెన్ కుక్ తన ఓడలో ఆ బార్లీ మాల్టును తీసుకుపోయాడు. తిరిగివచ్చి దాన్ని మెచ్చుకున్నాడు. అయితే అతని మనుషులను కాపాడినది మాల్టు కాదు. దిగిన ప్రతి రేవులోను అతను పట్టుబట్టి తినిపించిన పచ్చి ఆకుకూరలు. మాల్టు అంటే మొలకెత్తించి, తర్వాత ఎండబెట్టి కాల్చిన గింజ. మొలకలో పుట్టిన గుణం ఆ వేడికి పోతుంది. ఈ పొరపాటు వల్ల నిమ్మరసం ఇంగ్లీషు నౌకాదళంలో 1795 దాకా నియమంగా రాలేదు. అక్కచెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మనం చేసుకునే రాగిమాల్టు కూడా మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి విసిరిన పిండే. అది పిల్లలకు తేలికగా అరుగుతుంది, మంచిదే. కాని ఆకుకూర చేసే పని అది చెయ్యదు.

ఇక అసలు కథకు వద్దాం. 1819లో విలియం ఎడ్వర్డ్ పారీ అనే నౌకాధిపతి, అమెరికా ఖండానికి ఉత్తరంగా సముద్రమార్గం వెదకటానికి హెక్లా, గ్రైపర్ అనే రెండు ఓడలతో బయలుదేరాడు. మెల్విల్ ద్వీపం దగ్గర మంచు గడ్డకట్టి ఓడలు చిక్కుబడిపోయాయి. నవంబరు మొదట్లో అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరిలో గాని కనబడలేదు. చుట్టూ పచ్చని పోచ లేదు. చలికి నిమ్మరసం సీసాలు కూడా పగిలిపోయాయి. 1820 జనవరి మొదటి రోజులలో హెక్లా ఓడ ఫిరంగుల అధికారికి స్కర్వీ లక్షణాలు బయటపడ్డాయి.

అప్పుడు పారీ ఏం చేశాడు? తన గదిలోని పొయ్యి గొట్టం వెంబడి లోతులేని చిన్న చిన్న పెట్టెలు అమర్చి, వాటిలో మట్టి పోసి, ఆవాలూ ఆదిత్యాలూ చల్లాడు. ఆదిత్యాలంటే హిందీవారు హలీం అనే ఎర్రని చిన్న గింజలు, మన పచారీ కొట్లలో దొరుకుతాయి. గొట్టం వెచ్చదనానికి ఆరేడు రోజులలోనే ఆకు చేతికొచ్చింది. వెలుతురు లేక ఆ మొక్కలు పాలిపోయి ఉన్నాయి, అయినా ఘాటు మాత్రం తగ్గలేదు. రోగికి రోజుకొక ఔన్సు ఇచ్చారు. ఇప్పటి లెక్కలో సుమారు 28 గ్రాములు, పాత తూకంలో రెండున్నర తులాలకు దగ్గర. తొమ్మిది రోజులకల్లా ఆ మనిషి లేచి ఓడలో తిరిగాడు. నిమ్మరసం కూడా ఇస్తూనే ఉన్నారు కాబట్టి గొప్పంతా మొలకకూరదే అనటం న్యాయం కాదు. కాని సూర్యుడు లేని చోట, పొలం లేని చోట, ఒక పెట్టెడు మట్టిలో మనిషికి కావలసిన పచ్చదనం పండించవచ్చునని ఆ శీతకాలం చూపింది. ఈనాడు హోటళ్ళకు మొలకకూర పెంచే పళ్ళేలకూ పారీ పెట్టెలకూ పద్ధతిలో పెద్ద తేడా లేదు.

ఇంత కొద్ది ఆకు ఎలా పనిచేసింది? దీనికి జవాబు నూరేళ్ళ తర్వాత వచ్చింది. 1912లో నార్వేలో ఫ్యూర్స్ట్ అనే పరిశోధకుడు ఎండు గింజలలో స్కర్వీని ఆపే గుణం లేదనీ, అవే గింజలు మొలకెత్తితే ఆ గుణం పుడుతుందనీ చూపాడు. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మెసొపొటేమియాలో టైగ్రిస్ నది ఒడ్డున కూట్ అనే ఊరిలో 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 వరకు ఇంగ్లీషు, భారత సైనికులు ముట్టడిలో చిక్కుకున్నారు. గుర్రపు మాంసం తిననొల్లని మన సిపాయిలకు స్కర్వీ పట్టింది. తెల్లపిండి రొట్టె తిన్న ఇంగ్లీషు సైనికులకు బెరిబెరి పట్టింది. కూట్ లొంగిపోయిన తర్వాత కూడా, ఆ యుద్ధరంగంలో మన సిపాయిలు వేల సంఖ్యలో స్కర్వీతో మంచాన పడ్డారు. చిక్కుడు జాతి గింజలే తిండిలో ఉన్న జనానికి పచ్చి ఆకు లేకపోవటం వల్ల ఎంత అనర్థం జరిగిందో చూడండి.

లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, ఆమె తోటి పరిశోధకురాలు డెల్ఫ్ ఈ సమస్యనే చేపట్టారు. గినీపందుల మీద ప్రయోగాలు చేసి, బఠాణీ వంటి గింజలను నానబెట్టి మొలకెత్తిస్తే స్కర్వీని ఆపే శక్తి వస్తుందని 1919లో ప్రకటించారు. అంతకు ముందే 1918లో, సెర్బియా సైనికులకు మొలకెత్తిన చిక్కుడు గింజలు ఇచ్చి స్కర్వీని నయం చేసిన వైనాన్ని విల్ట్‌షైర్ అనే వైద్యుడు అచ్చువేయించాడు. ఇందులో మనం పట్టుకోవలసిన సూక్ష్మం ఒకటున్నది. మొలిచేది నిండు గింజ మాత్రమే. పొట్టు తీసి బద్దలు చేసిన పప్పు మొలవదు. బస్తాలకొద్దీ కందిపప్పు ఉన్నా, ఈ పనికి ఒక గుప్పెడు నిండు పెసలకు సాటిరాదు.

గింజలో లేని గుణం మొలకలో ఎక్కడినుంచి వచ్చింది? ఎండు గింజ నిద్రపోతున్న ప్రాణి వంటిది. దానికి ఆ పదార్థంతో పని లేదు, కాబట్టి దాచుకోదు. నీరు తగిలి ఊపిరి వేగం హెచ్చగానే, తనలోని పిండినీ చక్కెరనూ కరిగించుకుని, తన రక్షణ కోసమే ఆ పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. దాన్నే 1932లో విటమిన్ సి అని గుర్తించారు. ఈ కృషికి హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జికి 1937లో నోబెల్ బహుమానం వచ్చింది. స్కర్వీ రాకుండా ఆపటానికి రోజుకు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలును. పారీ ఇచ్చిన ఔన్సు ఆకు ఎందుకు అక్కరకు వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆరోగ్యంగా బలంగా ఉండాలంటే మాత్రం దానికి ఎన్నో రెట్లు కావాలి.

ఈ విద్య మన దేశపు కరువులో కూడా అక్కరకు వచ్చింది. 1940 ప్రాంతంలో అప్పటి పంజాబులోని హిస్సార్ జిల్లాలో వానలు లేక పచ్చనిదన్నది మాడిపోయి, జనానికి స్కర్వీ పట్టినప్పుడు మొలకెత్తిన శనగలు పంచిపెట్టారు. కాయగూర పండించటానికి చెరువులో నీరు కావాలి. శనగలు మొలకెత్తించటానికి చెంబుడు నీళ్ళు చాలును. ఆ రోజులలో దేశంలో ఆహార పరిశోధనకు కేంద్రం నీలగిరులలోని కూనూరు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరుతో నడుస్తున్నది.

కరువులో పుట్టిన ఈ విద్య విందులోకి వెళ్ళినది 1980లలో. అమెరికాలో కాలిఫోర్నియా హోటళ్ళ వంటవారు పళ్ళెం మీద అందానికీ, నోటికి ఘాటుకూ ఈ లేత ఆకు చల్లటం మొదలుపెట్టారు. ‘మైక్రోగ్రీన్స్’ అన్న పేరు 1990ల చివరికి వాడుకలో పడింది. 2012లో మేరీలాండ్‌లో శాస్త్రజ్ఞులు 25 రకాల మొలకకూరలను పరీక్షించారు. నూరు గ్రాములలో విటమిన్ సి 20 మిల్లీగ్రాముల నుంచి 147 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఎర్ర క్యాబేజీ మొలకలో విటమిన్ సి, కొత్తిమీర మొలకలో కంటికి మేలుచేసే పసుపు పదార్థాలు, ఎర్ర తోటకూర మొలకలో విటమిన్ కె, ముల్లంగి మొలకలో విటమిన్ ఇ హెచ్చుగా కనబడ్డాయి. తోటకూర, కొత్తిమీర, ముల్లంగి మన దొడ్లోవే గదా!

అయితే ఈ లెక్కలు చూసి మోసపోకండి. రకానికీ రకానికీ ఏడు రెట్ల తేడా ఉన్నది. పైగా లెక్క నూరు గ్రాములకు, మనం చల్లుకునేది గుప్పెడు. ముదిరిన తోటకూర మొక్క ఒక్కటి ఇంటిల్లిపాదికీ కూర అవుతుంది. మొలకకూరలో ఒక్క గింజకు ఒక్క కాడే. పెరట్లో మునగచెట్టూ తోటకూర మడీ ఉన్న ఇంటికి ఇది అదనం మాత్రమే. జాగా లేని ఇంటికీ, ఎండకు ఆకుకూర మాడిపోయిన రోజులకూ, వరదలో దొడ్డి మునిగిన వారానికీ ఇది నిజమైన ఆదరువు.

ఇక జాగ్రత్తల మాట. ఈ ముక్క విస్తరణ కార్యకర్తలు ఊరూరా చెప్పవలసినది. 1996లో జపానులోని సకాయి పట్నంలో వేలాది బడిపిల్లలు జబ్బుపడినప్పుడు ముల్లంగి మొలకల మీద అనుమానం వచ్చింది. 2011లో జర్మనీలో మెంతి మొలకల మూలంగా చెడ్డ సూక్ష్మజీవి వ్యాపించి వేలమంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. తడి, వెచ్చదనం మొలకకు ఎంత ఇష్టమో, రోగక్రిమికీ అంత ఇష్టం. వెలుతురులో గాలి తగిలేట్టు పెంచి, మట్టికి పైన కోసే మొలకకూరకు ఆ భయం కొంత తక్కువ. అంతమాత్రాన లేదని కాదు. కాబట్టి తాగే నీళ్ళే పొయ్యండి. పచ్చిపేడ, మురుగునీరు దగ్గరకు రానివ్వకండి. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివారికి ఉడికించి పెట్టటం మేలు.

రెండవది, విత్తన దుకాణంలో కొన్న సంచిలోని గింజకు రంగు ఉన్నదంటే మందు పట్టించారన్న మాట. అది పొలానికే గాని నోటికి కాదు. కడిగినా పనికిరాదు. వంటకు కొన్న నిండు గింజనో, మందు కలపని విత్తనాన్నో వాడండి. మూడవది, అన్ని మొక్కలూ లేతగా తినదగినవి కావు. జొన్న నాము మేసిన పశువు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. లేత జొన్నలో ఉండే ఆ విషమే మనిషికీ విషం. వంగ, టమాటా, మిరప నారు కూడా తినకూడదు.

పెంచే పద్ధతి చెబుతాను. రెండంగుళాల లోతున్న పళ్ళెమో, అడుగున చిల్లులు పెట్టిన పాత డబ్బా మూతో తీసుకోండి. బాగా చివికిన ఎరువు కలిపిన మట్టిని గాని, కొబ్బరి పొట్టును గాని అంగుళంన్నర పోసి చదును చెయ్యండి. మెంతులు రాత్రంతా నానబెట్టండి. ధనియాలను రుద్ది రెండు బద్దలు చేసి నానబెట్టండి. ఆవాలు, తోటకూర గింజలు పొడిగానే చల్లవచ్చును. నారుమడి కన్న వత్తుగా, కాని గింజమీద గింజ పడకుండా చల్లి, నీళ్ళు చిలకరించి, రెండు మూడు రోజులు మూత పెట్టండి. మొలక తల ఎత్తగానే మూత తీసి, నేరుటెండ తగలని వెలుతురులో ఉంచండి. నీళ్ళు పైనుంచి గుమ్మరించవద్దు. పళ్ళెం కింద పోస్తే మట్టి పీల్చుకుంటుంది. నీరు నిలిచిందా, నారుకుళ్ళు తెగులు వస్తుంది. బూజు పట్టిన పళ్ళేన్ని దాచుకోక పారెయ్యండి. ఆవాలు, మెంతులు వారం పది రోజులకు, తోటకూర రెండు వారాలకు, కొత్తిమీర ఇంకొంచెం ఆలస్యంగా కోతకు వస్తాయి. ఆవాలూ ఆదిత్యాలూ ఒకే పళ్ళెంలో వేసే ఇంగ్లండువారు, రెండూ ఒకనాడే కోతకు రావాలని ఆదిత్యాలను మూడు నాలుగు రోజులు ముందుగా చల్లేవారు. కోసిన పళ్ళెం సాధారణంగా మళ్ళీ చిగురించదు. వారానికి రెండుసార్లు కొత్త పళ్ళెం వేస్తే ఇంటికి లోటు ఉండదు.

వంటకు వస్తే ఒక్కటే నియమం. పొయ్యి మీద ఉడికిస్తే విటమిన్ సి చాలాభాగం పోతుంది. కాబట్టి మంచి నీళ్ళతో కడిగి, వంటకం దించిన తర్వాత కలపండి. ఆవ మొలక ఘాటు పెరుగు పచ్చడికి అమరుతుంది. ముల్లంగి మొలక పెసరట్టు మీద ఉల్లిపాయతో చల్లుకోవచ్చు. మెంతి మొలకను ముద్దపప్పు దించిన తర్వాత కలిపితే, ముదురు మెంతికూరంత చేదు ఉండదు. పిల్లలు వద్దంటే అటుకుల ఉప్మాలో సన్నగా తరిగి కలపండి. కోసిన పూటే తినండి.

అమ్మకం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఈ సరుకు కోసిన తర్వాత చల్లని పెట్టెలో కొద్దిరోజులే నిలుస్తుంది. కొనేవాడు కుదిరిన తర్వాతే గింజ చల్లండి, గింజ చల్లి కొనేవాణ్ణి వెదకవద్దు. పట్నం దగ్గరి వారికి, ఇంటి పట్టున ఉండి పనిచేసే స్త్రీల సంఘాలకు ఇది చిన్న ఆధారం కావచ్చును. దీనికోసం అప్పు చేసి షెడ్డు వెయ్యమని ఎవరైనా చెబితే, ముందు నాలుగు పళ్ళేలు పెంచి, నాలుగు వారాలు అమ్మి చూశాక వస్తానని చెప్పండి.

పారీ పెట్టెలో పండినది ఒక మనిషికి రోజుకు రెండున్నర తులాల ఆకు. ఆ చీకటి శీతకాలంలో దాని విలువ ఆ మనిషికి తెలుసు. ఈసారి గోనెగుడ్డలో గింజలు చుట్టేటప్పుడు, మందు తగలని మెంతులు ఒక గుప్పెడు పక్కన పళ్ళెంలో చల్లి చూడండి. పదో రోజున మీ ఇంటి పప్పులో దాని రుచి తెలుస్తుంది.

సెలవు.